రెండో పెళ్లి తర్వాత మొదటి బిడ్డ మనోవర్తి తగ్గించమని అడగొచ్చా?

పద్దు_పుస్తకం:
చర్చ కోసం ఒక లెక్క పెడుతున్నా. ఎవరి కేసూ కాదు గానీ, ఫ్యామిలీ కోర్టు చుట్టూ తిరిగినవాళ్లకి కొత్తదీ కాదు.

తండ్రికి ఇన్‌కమ్ ట్యాక్స్, పీఎఫ్ పోగా నెలకు 80,000 చేతికొస్తుంది. విడాకులయ్యాయి. తొమ్మిదేళ్ల బాబు తల్లి దగ్గర ఉంటున్నాడు. బాబు పోషణకి, అంటే మనోవర్తిగా, నెలకు 15,000 ఇవ్వాలని ఆర్డరు. తల్లి జీతం 35,000. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆవిడకి మొదటి పెళ్లి కూతురు ఒకమ్మాయి ఉంది. వీళ్లిద్దరికీ ఇప్పుడో పాప పుట్టింది. ఇంట్లో తినే నోళ్లు నాలుగయ్యాయి కాబట్టి 15,000ని 8,000 చెయ్యమని పిటిషన్ వేస్తానంటున్నాడు. చట్టం ఏమంటుంది, మీకేది న్యాయమనిపిస్తుంది, రెండూ చెప్పండి. తిట్లు మాత్రం వద్దు.

తెనాలి_వాసి:
దీనికి చర్చెందుకండీ? బాబు పుట్టినప్పుడు వాడి బాధ్యత తెలుసు. రెండో పెళ్లి చేసుకునేటప్పుడు ఆ 15,000 ఉందనీ తెలుసు. తెలిసే చేసుకున్నాడు కదా. మొదటివాడి పాలల్లో నీళ్లు కలిపి రెండో ఇంటికి పోస్తానంటే కుదరదు.

కోర్టు_వరండా:
తెనాలి గారూ, కోపం సరే గానీ చట్టం అంత ఏకపక్షంగా లేదు. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన కల్యాణ్ డే చౌధురి తీర్పు చూడండి. భర్త నికర జీతం నెలకు 95 వేల పైచిలుకు. హైకోర్టు 16,000ని 23,000 చేసింది. భర్త నికర జీతంలో 25 శాతం భార్యకి సబబైన మొత్తమేనన్న పాత మాటని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అలా చెబుతూనే, అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, అక్కడా ఒక బిడ్డ ఉంది అన్న కారణంతో 23,000ని 20,000కి దించింది. రెండో కుటుంబం లెక్కలోకి రాదు అనేది తప్పు. వస్తుంది. కానీ అక్కడ తగ్గినది 3,000. మీ లెక్కలో అడుగుతున్నది 7,000, అంటే దాదాపు సగం. పైగా ఆ 25 శాతం భార్య మనోవర్తి గురించిన మాట. బిడ్డకి అలాంటి నిష్పత్తి ఎక్కడా రాసి లేదు.

ఇక దారి. ముందు ఆర్డరు ఏ సెక్షన్ కింద వచ్చిందో చూడాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125 (2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 144) కింద అయితే మార్పు కోసం పాత 127, ఇప్పటి 146. హిందూ వివాహ చట్టం కింద అయితే సెక్షన్ 26లోనే మార్చే వీలుంది. 1956 దత్తత, మనోవర్తి చట్టం కింద అయితే సెక్షన్ 25. పొరపాటు సెక్షన్ రాసి వేస్తే రెండు మూడు వాయిదాలు ఊరికే పోతాయి.

ఇంకో సంగతి. పిటిషన్ వేశాను కదా అని ఈ నెల నుంచే 8,000 పంపడం మొదలుపెట్టే మహానుభావులుంటారు. ఆర్డరు మారేదాకా 15,000 బాకీయే. నెలకు 7,000 చొప్పున బకాయి పేరుకుపోతుంది. పైగా తగ్గించమని అడిగేవాడే ఎగ్గొడుతున్నాడని జడ్జి ముందు ముద్ర పడుతుంది.

సవతితల్లి_కాదు_అమ్మ:
తెనాలి_వాసి గారికి ఒక ప్రశ్న. ఇప్పుడు పుట్టిన పాప ఏం తప్పు చేసింది? తండ్రి తెలిసే చేసుకున్నాడు, నిజమే. ఆ పాప తెలిసి పుట్టలేదుగా. ఇద్దరూ ఒకే మనిషి పిల్లలు. ఒకరికి కోర్టు ఆర్డరు ఉంది, ఇంకొకరికి లేదు, తేడా అంతే. ఒకే ఇంట్లో ఉండుంటే రెండో బిడ్డ పుట్టాక మొదటివాడికి పెట్టే ఖర్చు కొంత తగ్గదా? ప్రతి ఇంట్లోనూ తగ్గుతుంది. విడిపోయారు కాబట్టి మొదటివాడి మొత్తం రాయిలా అలాగే ఉండాలనడం ఏ లెక్క?

లెక్కల_మాస్టారు:
ఈ వాదన ఎటూ తేలదు, ఎందుకంటే ఇద్దరూ 15,000 అన్న అంకెనే పట్టుకున్నారు. అసలు బాబుకి ఎంతవుతుందో చూద్దాం. మామూలు ప్రైవేటు స్కూలు, జిల్లా కేంద్రం, అద్దె ఇల్లు అనుకుందాం.

స్కూలు ఫీజు ఏడాదికి 72,000, అంటే నెలకు 6,000. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు ఏడాదికి 12,000, నెలకు 1,000. స్కూల్ వ్యాను 1,500. తిండి, పాలు, బట్టలు 5,000. మందులు, డాక్టరు సగటున 1,000. ఇంతవరకూ 14,500. ఇక్కడ అందరూ మర్చిపోయేది అద్దె. తల్లి ఒక్కతే అయితే సింగిల్ బెడ్‌రూమ్‌తో సర్దుకునేది. బాబు ఉన్నాడు కాబట్టి డబుల్ తీసుకుంది. ఆ తేడా 5,000 బాబు ఖర్చే. మొత్తం 19,500.

ఇద్దరి సంపాదన 80,000, 35,000. కలిపి 1,15,000. తండ్రి వాటా దాదాపు 69.6 శాతం. 19,500లో అది 13,570. తల్లి ఉద్యోగం చేసే చోట చదువు ఖర్చు ఇద్దరూ సంపాదనని బట్టి పంచుకోవచ్చని 2020 నవంబరు 4 నాటి సుప్రీంకోర్టు రజనేష్ వర్సెస్ నేహా తీర్పులోనే ఉంది కాబట్టి ఈ పద్ధతికి ఆధారం లేకపోలేదు. బాబుని లేపి, తయారు చేసి, హోంవర్క్ చేయించి, జ్వరమొస్తే సెలవు పెట్టేది తల్లే. ఆ పనికి ఇక్కడ సున్నా వేశాను. అది కూడా కలిపితే 15,000 ఎక్కువేం కాదు. 8,000కి దించితే ఫీజు పోగా 2,000 మిగులుతుంది. అందులో వ్యాన్‌కి 1,500 పోతుంది.

ఇంకా ఉంది. ఫీజు ఏడాదికి పది శాతం పెరిగినా 72,000 మూడేళ్లకి 95,832 అవుతుంది. ఆర్డరు మాత్రం 15,000 దగ్గరే కూర్చుంటుంది. కాబట్టి ఎవరూ పిటిషన్ వెయ్యకపోయినా మనోవర్తి ఏటా దానంతటదే తగ్గుతూనే ఉంది.

పద్దు_పుస్తకం:
మాస్టారూ, తండ్రి వైపు కూడా వేయండి మరి. 80,000లో 15,000 పోతే 65,000. హోమ్ లోన్ ఈఎంఐ 28,000 అనుకోండి. 37,000తో నలుగురు.

కోర్టు_వరండా:
ఈఎంఐ తీసేసి చూపించడం చాలామంది చేసే పొరపాటు. కోర్టు ఒప్పుకునే కోతలు ఇన్‌కమ్ ట్యాక్స్, తప్పనిసరి పీఎఫ్ లాంటివి. ఇల్లు కొనుక్కోవడం, కారు లోను, చిట్టీ పాటలు ఇవన్నీ సొంత ఇష్టంతో పెట్టుకున్నవి. ఆస్తి అతనిది అవుతుంటే కోత బాబు ఖాతాలో పడకూడదన్నది కోర్టుల ధోరణి.

ఇక ఆ నలుగురి లెక్క. ఇక్కడే పిటిషన్ బలహీనపడుతుంది. అతను, భార్య, పాప, భార్య కూతురు. ఇందులో చట్టప్రకారం అతని మీద ఆధారపడిన పిల్ల ఎవరు? పాప ఒక్కతే. సెక్షన్ 144లో ఉన్నది సొంత పిల్లల గురించి, పెళ్లిలో పుట్టినా బయట పుట్టినా సరే. భార్య మొదటి పెళ్లి కూతుర్ని పోషించే బాధ్యత ఆ అమ్మాయి సొంత తండ్రిది, తల్లిది. మారుతండ్రి మీద చట్టం ఆ భారం పెట్టలేదు. ప్రేమతో పెంచితే గొప్ప సంగతే, కానీ ఆ ఖర్చు చూపించి సొంత కొడుక్కి కోత వేస్తానంటే అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంటుంది.

రజనేష్ తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ వెయ్యాలి. అందులో తన మీద ఆధారపడ్డవాళ్లు ఎవరు, వాళ్లకి సొంత ఆదాయం ఉందా అనేది రాయాలి. భార్య ఉద్యోగం చేస్తోందా, ఆ అమ్మాయికి సొంత తండ్రి నుంచి మనోవర్తి వస్తోందా, రెండూ అక్కడ బయటపడతాయి. దాస్తే అబద్ధపు అఫిడవిట్ అవుతుంది. వ్యవసాయం మీద బతికేవాళ్లకి వేరే నమూనా ఉంది, ఆ తీర్పుకి జతచేసిన రెండో ఎన్‌క్లోజర్. ఎకరాలు, పంట, కౌలు అన్నీ అడుగుతుంది. మన జిల్లాల్లో చాలామంది ఉద్యోగుల నమూనానే తెచ్చి, భూమి సంగతి ఒక్క లైనులో రాసి ఊరుకుంటారు. అవతలి లాయరు పట్టాదారు పాస్‌బుక్ నకలు పెడితే అక్కడితో సరి.

సవతితల్లి_కాదు_అమ్మ:
అంటే ఆ ఇంట్లో ఉన్న ఇంకో ఆడపిల్లకి అన్నం పెట్టడం లెక్కలోకి రాదు! వాళ్ల నాన్న ఆర్డరు ఉన్నా ఏళ్ల తరబడి పైసా పంపకపోతే? కాగితం మీద ఆధారం ఉంది, పళ్లెంలో లేదు. అలాంటప్పుడు ఎవరు పెట్టాలి?

పాలమూరు_పిల్ల:
అక్కా, గా బాధ నిజమే. కానీ గా బాకీ ఈ పిలగాని దగ్గర వసూలు చేస్తమా? గా అమ్మాయి నాయిన మీద వసూలు పిటిషన్ ఎయ్యాలె గద. ఎట్ల చెయ్యాల్నో చెప్త.

సెక్షన్ 144 కింద ఆర్డరు ఉంటే, పైసలు బాకీ పడ్డ తారీఖు నుంచి ఏడాది లోపట వసూలు పిటిషన్ ఎయ్యాలె. ఏడాది దాటినయాటికి వారెంటు రాదు. మస్తు మంది ఆడోళ్లు "ఎప్పటికన్న ఇస్తడులే" అని మూడేండ్లు ఊకుంటరు, తర్వాత రెండేండ్ల పైసలు పోతయ్. పదకొండో నెలల ఒక పిటిషన్ పెట్టుకుంటే ఏ నెలా పోదు. దత్తత, మనోవర్తి చట్టం కింద సివిల్ డిక్రీ ఉంటే పన్నెండేండ్ల టైముంటది, గది వేరే.

జైలుకు పోయొస్తే బాకీ మాఫీ అనుకునేటోళ్లు ఉన్నరు. కాదు. 1988లనే సుప్రీంకోర్టు చెప్పింది, జైలు అన్నది వసూలుకు ఒక ఒత్తిడి, అసలు బాకీ అట్లనే ఉంటదని. జీతం వచ్చేటోడైతే సివిల్ డిక్రీ కింద జీతం జప్తు అడుగుర్రి. మామూలు అప్పులకైతే జీతంల కొంచమే పట్టనిస్తరు, మనోవర్తి డిక్రీకి మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 60 ప్రకారం మూడింట ఒక వంతు వాని కోసం ఇడిచిపెట్టి మిగిలింది పట్టొచ్చు. ఆఫీసుల కోసి నేరుగ కోర్టుకు కడ్తరు.

లాయరు ఫీజు లేకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవాలె. ఆడోళ్లకు, పిల్లలకు ఆదాయం ఎంతున్నా లాయరును ఉచితంగ ఇస్తరు.

డాలస్_దారి:
ఇండియాలో ఈ గొడవ ఇంత ముదరడానికి కారణం పట్టిక లేకపోవడమే. టెక్సస్‌లో తండ్రి నికర ఆదాయంలో ఒక బిడ్డకి 20 శాతం, ఇద్దరికి 25 శాతం అని చట్టంలోనే రాశారు, దాని మీద ఆదాయ పరిమితి కూడా ఉంది. రెండో పెళ్లిలో ఇంకో బిడ్డ ఉంటే మొదటి బిడ్డకి 20 కాదు, 17.5. సొంత బిడ్డకే ఆ తగ్గింపు. కొత్త భార్య జీతం తండ్రి ఆదాయంలో కలపకూడదు, కొత్త భర్త జీతం తల్లి ఆదాయంలో కలపకూడదు. డబ్బు ఉద్యోగం ఇచ్చినవాడి దగ్గరే కోసేస్తారు కాబట్టి నెలనెలా ఫోన్లు చేసుకునే పని లేదు. ఫెడరల్ చట్టం ప్రకారం ఇంకో కుటుంబాన్ని పోషిస్తుంటే కోసే గరిష్ఠం 50 శాతం, లేకపోతే 60. పన్నెండు వారాలు దాటిన బకాయి ఉంటే ఇంకో 5 కలుస్తుంది.

మీ లెక్కకి అదే తూకం వేస్తే 80,000లో 20 శాతం 16,000. కొత్త పాపతో 17.5 శాతం, అంటే 14,000. అంటే పాప పుట్టినందుకు తగ్గాల్సింది 2,000.

లీసెస్టర్_నుంచి:
ఇక్కడ ఇంగ్లండ్‌లో పద్ధతి కొంచెం వేరు, సవతి పిల్లల విషయంలో మరీ వేరు. తండ్రి ఇంట్లో ఉండే పిల్లలు కొత్త భార్య మొదటి పెళ్లి పిల్లలైనా లెక్కలోకి వస్తారు. ఒకరుంటే అతని గ్రాస్ ఆదాయంలోంచి ముందే 11 శాతం తీసేస్తారు, ఇద్దరుంటే 14. మిగిలిన దానిలో ఒక బిడ్డకి 12 శాతం, ఇది వారానికి 800 పౌండ్ల దాకా. బిడ్డ ఏడాదిలో 52 నుంచి 103 రాత్రులు తండ్రి దగ్గర పడుకుంటే ఏడో వంతు తగ్గిస్తారు. సవతితల్లి_కాదు_అమ్మ గారి వాదన ఇక్కడ చట్టంలోనే ఉందని చెప్పడానికి రాశాను. అయినా తగ్గేది సగం మాత్రం కాదు.

తెనాలి_వాసి:
చూశారా, టెక్సస్ తూకంలోనూ 15,000 దగ్గర్లోనే ఆగింది.

సవతితల్లి_కాదు_అమ్మ:
దగ్గర్లో ఆగింది, 15,000 దగ్గర ఆగలేదు. తగ్గుతుందని అందరూ ఒప్పుకున్నట్టే కదా. నేనూ 8,000 న్యాయమనలేదు.

ఇంకో వైపు ఎవరూ మాట్లాడలేదు. ఈ బాబు తల్లి మళ్లీ పెళ్లి చేసుకుందనుకోండి, కొత్త భర్త జీతం లక్షన్నర. అప్పుడు?

కోర్టు_వరండా:
ఆమెకి వచ్చే మనోవర్తి ఆగిపోతుంది. మళ్లీ పెళ్లి చేసుకున్న విడాకుల భార్య సెక్షన్ 144 కింద అడగలేదు, హిందూ వివాహ చట్టం సెక్షన్ 25 కింద శాశ్వత భరణం ఉన్నా రద్దు చెయ్యమని అడగొచ్చు. బాబుది ఆగదు. మారుతండ్రి లక్షన్నర బాబుకి సంబంధం లేని డబ్బు.

ఇక్కడ ఆర్డరు రాసిన తీరు కొంప ముంచుతుంది. "భార్యకు, బాబుకు కలిపి నెలకు 25,000" అని ఒకే అంకె రాసి ఉంటే, ఆమె పెళ్లి చేసుకున్న మర్నాడే అతను మొత్తం ఆపేస్తాడు. అందులో బాబుది ఎంత అనేది మళ్లీ కోర్టు తేల్చాలి. మొదట్లోనే "బాబుకి 15,000, భార్యకు 10,000" అని విడగొట్టి రాయమని లాయరుని అడగండి. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునేటప్పుడు "పిల్లాడి మనోవర్తి భవిష్యత్తులో అడగను" అని తల్లి సంతకం పెట్టినా అది బాబుని కట్టిపడెయ్యదు. హక్కు వాడిది.

పాలమూరు_పిల్ల:
సార్, మారుతండ్రి ఇంటిపేరు పెడితే సొంత నాయిన బాధ్యత పోతదా? మా దిక్కు గిట్ల బెదిరిస్తరు.

కోర్టు_వరండా:
పోదు. ఇంటిపేరు వేరు, దత్తత వేరు. మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి పిల్లాడి ఇంటిపేరు నిర్ణయించొచ్చని 2022 జులైలో మన తెలుగువాళ్ల కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ సొంత తండ్రి చనిపోయాడు.

దత్తత అయితే మాత్రం వేరే కథ. దత్తత రోజు నుంచి పుట్టిన కుటుంబంతో బంధం తెగుతుంది. మనోవర్తి ఆగిపోతుంది, సొంత తండ్రి వీలునామా లేకుండా పోతే వారసత్వమూ ఉండదు. అందుకే బతికి ఉన్న తండ్రి ఒప్పుకోలు లేకుండా మారుతండ్రికి దత్తత ఇవ్వడం సాధారణంగా కుదరదు. నెలకు 15,000 తప్పించుకోవచ్చని ఒప్పేసుకునే తండ్రులు ఉంటారు. తల్లులు ఆ సంతకం తీసుకునే ముందు అటువైపు ఎకరాలెన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోవాలి.

దత్తత చెయ్యకుండా పెంచితే ఎదురు ప్రమాదం. హిందూ వారసత్వ చట్టంలో కొడుకంటే సవతి కొడుకు కాదు. మారుతండ్రి ఎంత ముద్దుగా పెంచినా వీలునామా రాయకుండా పోతే ఆ పిల్లలకి వాటా లేదు. రాయాలి, రిజిస్టర్ చేయిస్తే మంచిది. తల్లి వీలునామా లేకుండా పోతే ఆవిడ ఆస్తి ఆవిడ పిల్లలందరికీ, అప్పటి భర్తకీ సమాన వాటాలు. మొదటి పెళ్లి పిల్లల కోసమే కొన్న ప్లాటైనా అంతే. బ్యాంకులో నామినీ పేరు పెట్టాం కదా అంటారు. నామినీ తీసుకుని వారసులకి ఇవ్వాల్సినవాడు, సాధారణంగా సొంతదారు కాదు.

పద్దు_పుస్తకం:
కేసు పక్కన పెడితే, ఈ రెండిళ్ల మధ్య నెలనెలా గొడవ రాకుండా ఏం చెయ్యొచ్చు? ఫీజు నేనే కట్టాను కాబట్టి ఈ నెల మనోవర్తిలో తగ్గించుకుంటా అనే మాట ఎక్కువగా వింటుంటాం.

లెక్కల_మాస్టారు:
ఆ మాట చెల్లదు. ఆర్డరులో "తల్లి ఖాతాకి 15,000" అని ఉంటే స్కూలుకి నేరుగా కట్టినది తగ్గించుకోవడానికి కుదరదు. సైకిలు, ఫోను, పుట్టినరోజు బట్టలు అసలే కుదరవు. చేతికి నగదు ఇస్తే సాక్ష్యం ఉండదు. ఖాతాకే పంపి, యూపీఐ వివరాల్లో "బాబు మనోవర్తి, జూన్" అని రాస్తే చాలు.

మార్చుకోవాలంటే ఇద్దరూ కలిసి ఒప్పందం రాసి, కోర్టులో మెమో పెట్టి ఆర్డరులోకి ఎక్కించుకోవాలి. స్టాంపు పేపరు మీద పెద్దమనుషుల ముందు రాసుకున్నది గొడవ వచ్చిన రోజు పనికిరాదు. అందులో ఉండాల్సినవి: నెలసరి మొత్తం తిండికీ అద్దెకీ మాత్రమే, ఉదాహరణకి 9,000. స్కూలు ఫీజు, పుస్తకాలు, వ్యాను తండ్రి 70, తల్లి 30, టర్మ్ బిల్లు చూపించిన పది రోజుల్లో తండ్రి నేరుగా స్కూలుకి కడతాడు. ఆస్పత్రిలో చేరితే ఇన్సూరెన్సు పోగా మిగిలినది అదే నిష్పత్తి. నెలసరి మొత్తం ప్రతి జూన్‌లో 8 శాతం పెరుగుతుంది. స్కూలు మార్చాలన్నా, 50,000 దాటిన కోచింగ్‌లో చేర్చాలన్నా ముందు ఇద్దరి ఒప్పుకోలు కావాలి. ఈ చివరి ముక్క లేకపోతే తల్లి ఇంటర్‌కి రెండున్నర లక్షల కాలేజీలో చేర్చి బిల్లు పంపుతుంది, తండ్రి కట్టనంటాడు, మధ్యలో పిల్లాడి హాల్‌టికెట్ ఆగుతుంది.

అలాగే పద్దెనిమిదేళ్ల మాట. దత్తత, మనోవర్తి చట్టం కింద కొడుక్కి మైనారిటీ ఉన్నంతవరకే హక్కు. కూతురికి పెళ్లయ్యేదాకా, ఆమె సొంత సంపాదనతో బతకలేకపోతే. అంటే మగపిల్లాడి మనోవర్తి సరిగ్గా ఇంటర్ అయ్యేసరికి ఆగుతుంది, అసలు ఖర్చు మొదలయ్యేది అప్పుడే. "మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా ఫీజులో 70 శాతం" అని ఒప్పందంలో ఇప్పుడే రాయించుకోకపోతే తర్వాత బతిమాలుకోవడమే.

తెనాలి_వాసి:
ఈ పద్ధతిలో ఆ తండ్రికి తగ్గిందా పెరిగిందా?

లెక్కల_మాస్టారు:
నెలసరి 9,000. ఫీజు, పుస్తకాలు, వ్యాను కలిపి నెలకు 8,500, అందులో 70 శాతం 5,950. మొత్తం 14,950. దాదాపు అంతే. కానీ పెరుగుదల ఇద్దరి మీదా పడుతుంది, తన డబ్బు స్కూలుకే వెళ్తోందని అతనికి రసీదు ఉంటుంది.

సవతితల్లి_కాదు_అమ్మ:
ఆ 50 రూపాయల తగ్గింపుకి ధన్యవాదాలు మాస్టారూ. టెక్సస్ పట్టిక ప్రకారం కొత్త పాప వాటా 2,000. అందులో సగమైనా ఒప్పుకుని ఆ 9,000ని 8,000 చెయ్యండి, సంతకం పెడతారు.

తెనాలి_వాసి:
8,500.

పాలమూరు_పిల్ల:
బేరం తర్వాత జేస్కోర్రి. గా తండ్రి రేపు లారీ కింద పడితే ఈ 8,500 ఎవరిస్తరు? టర్మ్ పాలసీ ఒకటి 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద బాబు పేరు మీద తీస్కోమనుర్రి. పాలసీ తీస్కునేటప్పుడే రాయాలె, తర్వాత మార్చనీకి రాదు. అప్పులోళ్లు ముట్టరు, రెండిండ్లోళ్లు కొట్లాడనీకి ఉండదు. పాపకు ఇంకోటి వేరే తీస్కోవాలె.

కోర్టు_వరండా:
మెమోలో అది కూడా రాయించండి. బీమా మొత్తం, ప్రీమియం ఎవరు కడతారు, ప్రతి ఏడాది రసీదు నకలు తల్లికి ఏ తేదీలోపు పంపాలి అన్నవి. ప్రీమియం ఆపేస్తే ఎవరికీ తెలియని పాలసీలు చాలా ఉంటాయి.